నోటుబుక్కు బరువు

కప్సాబెట్ దాటాక తేయాకు కొండల మలుపులో
పాల సహకార సంఘం. రేకుల షెడ్డు.
కొత్త కంప్యూటరు పనికి ఏపాటి ఆసరాగా ఉందో
అంకెల్లో చెప్పమని నన్ను ఎల్డొరెట్ నుంచి పంపారు.

ఫారంలో పద్దెనిమిది ప్రశ్నలు,
ఒక్కోదానికి ఐదు గళ్ళు.
తెరమీద పచ్చటి గీత:
నూటికి తొంభై ఎనిమిది పద్దులు ఏ రోజువి ఆ రోజే.
వరసగా ఐదులు చుట్టేసి
టీ తాగి బస్సెక్కెయ్యొచ్చు.

లాక్టోమీటరు
పాలలో నీళ్ళని పట్టేస్తుంది.
గీతలో నీళ్ళని పట్టేదేది?
తెల్లారకముందే వచ్చి
క్యాన్ల వరసలో నిలబడ్డాను.

ఆరింటికి వాన.
ఆరుంబావుకి సిగ్నల్ పోయింది.
గుమస్తా జెరోటిచ్ తిట్టలేదు, నిట్టూర్చనైనా లేదు.
సొరుగు లాగి
అట్ట చిరిగిన నోటుబుక్కు తీసింది.
పేరు, కిలోలు, చిక్కదనం.
పెన్సిలు చివర పంటిగాట్లు.
వరస ఆగలేదు,
ఎవరి పాలూ విరగలేదు.

రాత్రి తొమ్మిదింటికి
పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని
నూట నలభై పేర్లూ ఒక్కొక్కటే ఎక్కించింది.
పచ్చగీత నిటారుగా నిలబడింది
ఆమె వెన్నెముక మీద.

"ఎన్నాళ్ళుగా ఇలా?"
"కంప్యూటరు వచ్చిన కాణ్ణుంచీ."
"అంతకుముందు?"
"పుస్తకం ఒక్కటే. చీకటి పడేలోపు ఇల్లు చేరేదాన్ని."
"అయితే తీసేయించమని రాయనా?"

"వద్దొద్దు," అంది గాభరాగా,
"ముసలి సిటియెనెయ్ తన డబ్బు కోసం
నెలాఖరున మూడు రోజులు తిరిగేవాడు.
ఇప్పుడు ఫోన్లో పడిపోతోంది.
అదీ రాసుకోండి."

రాసుకున్నాను, అంచున.
దానికి గడి లేదు.
పంటిగాట్లకీ లేదు.

మర్నాడు ఆకాశం తేటగా ఉంది.
వరస చివరికొచ్చాక,
ఎందుకనిపించిందో,
నోటుబుక్కుని తూకం మీద పెట్టాను.
మూడువందల పది గ్రాములు.

ఆ క్షణాన వంతు సిటియెనెయ్‌ది.
ఆయన కోటు జేబులో ఫోను కిచకిచమంది:
మీ పాలు అందాయి. పాయింట్ మూడు ఒకటి కిలో. ధన్యవాదాలు.

జెరోటిచ్ మొహం గోడవైపు తిప్పుకుంది,
భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఆయన ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివి
క్యాను వంక చూసుకుని
నావంక చూసి
మెల్లిగా అన్నాడు:
"నేనింకా మూతే తియ్యలేదమ్మా."