చీకట్లోనే తెలిసే ఎరుపు

నవంబరు చివర కుంగిన సూర్యుడు
వార్డో దీవిలో మళ్లీ జనవరిదాకా మొహం చూపించడు.
ఈసారి ఆ చీకట్లో
వంటింటి బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డ తీసేసి
రెండు పొయ్యి ఇటుకలు పెట్టుకున్నాను.

ముప్పయ్యొక్కేళ్లు కాడ్ చేపల్ని కోసిన చేయి ఇది.
వెన్నుముల్లు వెంట కత్తి ఎలా జారాలో
నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.
రంపం దగ్గరే దీని ఆటలు సాగలేదు.
వెంట్రుకంత బ్లేడు.
నొక్కితే టప్పున తెగుతుంది,
జంకితే కదలనంటుంది.
మొదటివారం పద్నాలుగు విరిచాను.
ముక్కలన్నీ ఏరి అగ్గిపెట్టెలో దాచాడు ఓడ్వార్.
ఎందుకయ్యా అంటే
లెక్కుండాలి కదా అన్నాడు.

"నువ్వింకా చేపనే కోస్తున్నావు బోర్గిల్,
రాగికి ముళ్లుండవు.
రంపాన్ని నడవనియ్యి, నువ్వు పక్కన నడు."
ఈ మాటన్నది డైవా,
ప్యాకింగ్ బల్లకి అవతల నిలబడే లిథువేనియా పిల్ల.
వాళ్ల నాన్నది కంసాలి పనట.
ఆదివారాలు వస్తుంది.
చేతులు కోటు జేబుల్లోంచి తియ్యదు,
తీస్తే సాయం చేసేస్తానని భయం.

కొట్టేకొద్దీ రాగి బిగుసుకుపోతుంది.
ఇంకో దెబ్బ వేస్తే పగులుతానంటుంది.
అప్పుడిక సుత్తి దించి నిప్పు చూపించాలి.
ఎందాకా?
"పండిన చెర్రీ రంగు వచ్చేదాకా. దీపం ఆర్పు."
ఆర్పాను.
మధ్యాహ్నం రెండింటికే కిటికీలో చుక్కలు.
నీలి మంట నాలుక చాపింది.
నల్లటి రేకులోంచి, ఉందా లేదా అన్నట్టు,
ఒక ఎరుపు.
ఎవరో లోపల చిమ్నీ దీపం పట్టుకుని
మెట్లు దిగి వస్తున్నట్టు.
వెలుతురులో అది కనబడదట.
కనబడేసరికే పని చెడి ఉంటుందట.
నేనేమో ఇన్నేళ్లూ
ఈ చీకటిని తిట్టుకుంటూ బతికాను.

వెలిగారం అరగదీసి కుంచెతో పూస్తే
పాలపొంగులా ఉబ్బి, అణిగి, అద్దమై కూర్చుంటుంది.
చీమతలంత టంకం తునక
ఉన్నట్టుండి నీరై సందులోకి దూరిపోతుంది.
నిమ్మ ఉప్పు నీళ్లలో వేస్తే మసి వదులుతుంది.
అంతా రాగి మీదే నేర్చాను.
ఇరవై మూడు ఉంగరాలు.
అందులో గుండ్రంగా ఉన్నవి తొమ్మిది.

ఇరవై నాలుగోది నాది, పెళ్లినాటి వెండిది.
ఐసు నీళ్లకు వేళ్లు ఉబ్బిపోతే
నిరుడు ఆసుపత్రిలో నర్సు కత్తిరించి తీసి
కాగితంలో చుట్టి ఇచ్చింది,
నోరు తెరిచిన చేపలా.
దీన్ని ఇంకొకరి చేత అతికించుకోబుద్ధి కాలేదు.

ఆ రోజు అంచులు కలిశాయి. వెలిగారం పట్టింది.
తునక నిలిచింది.
మంటని చుట్టూ తిప్పుతూ
ఎరుపు కోసం కళ్లు చిట్లించి చూస్తున్నాను.
కోటలో ఫిరంగి పేలింది.
సూర్యుడొచ్చాడు!
బడికి సెలవు, వీధి నిండా పిల్లల కేకలు,
రెండు నెలలకు మొదటి ఎండ
అడ్డంగా వచ్చి బల్ల మీద పడింది,
ఇటుక మీద, నా చేతి మీద, ఉంగరం మీద.
ఎరుపు లేదు.
ఇంకా రాలేదనుకుని
మంటని మరికాస్త దగ్గరికి జరిపాను.
వెండి ఒక్కసారి తళుక్కుమని
నడుం వంచి, ముడుచుకుని
గుండై కూర్చుంది.

ఓడ్వార్ వంగి చాలాసేపు చూశాడు.
"కాడ్ కన్నులా ఉంది," అన్నాడు,
"ఉడికాక."
నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.
చల్లారాక పిండి తూచే త్రాసు తెచ్చి
దాన్ని అందులో పెట్టాడు.
నాలుగు గ్రాములు.
"ముందెంత?"
నాలుగే.
అగ్గిపెట్టె అట్ట మీద రాసుకున్నాడు.

ఊరు ఊరంతా తలుపులు తీసుకుని ఎండలో నిలబడింది.
నేను పడవలో కప్పుకునే ఉన్ని దుప్పటి తెచ్చి
కిటికీకి అడ్డంగా మేకులు కొట్టాను.
"ఎండ చూడవూ?"
చూశాగా.
కాస్త ఆ సుత్తి ఇటివ్వు.