ఏ గట్టు బాబూ

మందస దాటాక జీడితోటల్లో పందెం.
పటం గీసింది నేనే.
ఏడో కంట్రోల్ పక్కన సింహాద్రి నువ్వుచేను,
బెత్తెడు ఎదిగింది.
దాని మీద ఊదారంగు అడ్డగీతలు కొట్టాను.
అడుగు పెడితే పేరు కొట్టేస్తారని అర్థం.

రాత్రి హైస్కూల్లో, సెవెన్త్ బి గదిలో,
ల్యాప్‌టాప్ ముందు ముగ్గురం.
పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరకవు.
బైరి ఢిల్లేశ్వరి, సోంపేట కాలేజీ,
అందరికంటే ముందొచ్చిన పిల్ల,
తెర మీద ఎర్ర గీతై పరుగెడుతోంది.
ఆరు నుంచి ఏడుకి పోతూ పోతూ
గీత చేను మూలని కొరికింది.
తొమ్మిది సెకన్లు.
"ఇంకేముంది, కొట్టెయ్యండి"
అన్నారు ప్రకాశరావు మాస్టారు.
ఆయన బస్సు పదిన్నరకి.

నేను గీతని వెనక్కి లాగాను,
విజిల్ ఊదకముందుకి.
అప్పుడా పిల్ల కదలకుండా కూచుని
బూటు లేసు కట్టుకుంటోంది, నా కళ్లతో చూశాను.
తెర మీద మాత్రం
గుంజకి కట్టిన పెయ్యలా
నాలుగు మీటర్లు తచ్చాడుతోంది.
మరో చోట గెడ్డ నీళ్ల మీద
ముప్పై అడుగులు తడవకుండా నడిచింది.
జీడాకు దట్టం.
ఆకాశమైనా
ఆకుల సందుల్లోంచే చూడాలి కదా.

మాస్టారు గడియారం చూసుకున్నారు.
పొద్దున్న చెబుతానన్నాను.

తెల్లారగట్ల టార్చి పట్టుకుని చేనుకెళ్లాను.
మంచుకి జీడిపూత వాసన బరువెక్కి ఉంది.
వంగి వంగి చూస్తే
గట్టు అవతల మెత్తటి మట్టిలో
ఒక మడమ ముద్ర, మేకుల బూటుది.
దొంగ దొరికినట్టు గుండె కొట్టుకుంది.
పక్కన నా కాలు పెట్టి చూశాను.
సరిపోయింది.
మొన్న జెండా కట్టడానికి
అడ్డదారిన నేనే దాటాను.

"ఏటి బాబూ, పొద్దున్నే దేవులాడతన్నావు?"
సింహాద్రి. నోట్లో వేపపుల్ల.
చెప్పాను. గట్టు, గీత, ఉపగ్రహాలు, తొమ్మిది సెకన్లు.
అంతా విని, పుల్ల ఉమ్మేసి అడిగాడు:

"ఏ గట్టు బాబూ?
మా నాయిన ఏసిన గట్టా,
సర్వేవోలు సెప్పిన గట్టా?
పోయినేడు పుట్టగొడుగు తలకాయ కర్ర అట్టుకొచ్చి
ఆకాశాన్ని అడిగినారు.
రాయి పీకి అల్లక్కడ పాతినారు.
ఇప్పుడీ మూడు బారలూ మా తమ్ముడివంట.
నువ్వులు నాను సల్లినాను,
కోత ఆడు కొస్తానంటన్నాడు.
ఆ పిల్ల తొక్కితే
ఎవలి సేను తొక్కినట్టు?"

నా పటంలో ఉన్నది పాత గట్టు.
కొత్త రాయిని బట్టి గీసి ఉంటే
ఆ ఎర్ర గీత చేనుని అంటేదే కాదు.
ఈ మాట సింహాద్రితో అనలేదు.
అతని తమ్ముడి ఇంటి వైపు
చూడకుండా వచ్చేశాను.

కాగితం మీద రాశాను: రుజువు కాలేదు.
మాస్టారు సంతకం పెట్టారు,
నా మొహం చూడకుండా.

పది దాటాక ఢిల్లేశ్వరి వచ్చింది,
యంత్రం తిరిగిచ్చేందుకు.
చెమట పట్టీని ఉతికి, ఆరేసి, మడతపెట్టి తెచ్చింది.
బల్ల మీద పెట్టింది. వెళ్లలేదు.

"సేలోకి దిగినాను సార్.
పాము అడ్డొచ్చినాది. నాలుగడుగులే.
ఒక మొక్క వాలిపోనాది.
నిలబెట్టబోయినాను,
నిలబడనేదు."

తొమ్మిది సెకన్లు.

మరి రాత్రే ఎందుకు చెప్పలేదమ్మా?

"మీరు గీతని అడుగుతున్నారు కద సార్.
నన్ను ఎవలూ అడగనేదు."

కిటికీలోంచి వరండా గోడ కనిపిస్తోంది.
ఫలితాల కాగితం, మొదటి వరసలో ఆమె పేరు.
మైదా జిగురు
ఇంకా ఆరలేదు.