జాబితా చెక్కుచెదరదు

క్లాక్స్‌విక్ రేవు ఆఫీసులో
మూడు రోజులుగా ఒకే లైనుతో కుస్తీ పడుతున్నాను.
ముప్ఫై ఏళ్ళు నల్లబోర్డు మీద సుద్దముక్క అరగదీసిన చేయి ఇది:
పడవ పేరు, చేప రకం, ఎన్ని పెట్టెలు, వేలం ఎన్నింటికి.
బోర్డు పోయింది, పేజీ వచ్చింది.
పేజీకొక అచ్చు ఉంటుందట,
అచ్చులో ఖాళీలుంటాయట,
ఆ ఖాళీల్లోకి సముద్రం తనే వచ్చి కూర్చుంటుందట.

నేర్పడానికొచ్చిన ఐదున్‌కి ఇరవై నాలుగేళ్ళు,
స్వెట్టరు మోచేతి దగ్గర చిరుగు.
"ఒకటో పడవ, రెండో పడవ అంటూ
వేలు పెట్టి నడిపించకు మర్యూన్.
అన్నిటికీ కలిపి ఒక్క మాట చెప్పు, చాలు."
చెప్పేసి చాక్లెట్ కోసం కిందికి పోయాడు.

నాకేమీ ఎక్కలేదు.
కిటికీలోంచి కింద షెడ్డు కనబడుతోంది.
సున్వా చేపలు కోస్తోంది,
కత్తి ఒకటే గీత గీస్తుంది, ప్రతి చేపకీ అదే గీత.
ఇంకా ఎన్ని ఉన్నాయని ఆమె అడగదు.
నూరు అటునుంచి వస్తే
నూరూ ఇటు పోతాయి, వచ్చిన వరసలోనే.
మ్యాప్ అంటే ఇంతేనా అనుకున్నాను.
పైకి అనలేదు, తప్పయితే కుర్రాడు నవ్వుతాడని.

ఫిల్టర్ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు,
వల కంటి కొలత మా ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు.
కూడిక మాత్రం మా నాన్న లెక్క:
చేతిలో ఒక అంకె పట్టుకో,
ఎదురొచ్చిన పెట్టె బరువు దానికి కలుపు,
వచ్చింది మళ్ళీ చేతిలోనే ఉంచుకో.
సున్నాతో మొదలుపెట్టడం మరిచావా, రోజంతా తప్పే.

నాలుగో రోజు ఉత్తరపు గాలి లేచింది.
పేజీలో పది పడవలు.
'రేవు చేరినవి' అని నేను రాసిన జల్లెడ
తన పని తాను చేసింది.
సున్వా మెట్లెక్కి వచ్చింది,
ఏప్రన్ నిండా పొలుసులు, చేతిలో ఫోను.
"మా తమ్ముడి పడవ తీసేశారేం?"

మాట తడబడింది నాకు.
తియ్యలేదమ్మా, జల్లెడ దేన్నీ పారబోయదు,
చూపించమన్నవే చూపిస్తుంది,
అసలు జాబితా అక్కడే ఉంది, చెక్కుచెదరకుండా. చూడు,
పదకొండు. ఏడోది స్కార్వుర్, హనూస్ పేరుతో సహా.

ఆమె ఆ పేరు మీద వేలుంచి చాలాసేపు తియ్యలేదు.
స్క్రీను మీద చేప జిగురు అంటింది.

ఆ రాత్రి ఎవరూ అడక్కుండానే
అదే జాబితా మీద రెండో జల్లెడ కట్టాను:
'ఇంకా చేరనివి'.
జాబితా ఖాళీ అయితే ఏం రాయాలో కూడా చెప్పాలి అచ్చుకి,
లేకపోతే తెల్లటి చోటు మిగిలిపోతుంది,
తెల్లటి చోటుని ఎవరు ఎలాగైనా చదువుకోవచ్చు.
మొదటి దానికి, "ఈరోజు చేపల్లేవు."
రెండో దాని దగ్గర ఆగిపోయాను.
కాఫీ చల్లారింది, రేడియో గరగర.

తెల్లవారి నాలుగింటికి ఇంజను చెడిన స్కార్వుర్‌ని
ఇంకో పడవ తాడుకట్టి లాక్కొచ్చింది.
నేను మీట నొక్కలేదు.
పేజీ తనంతట తనే మారి
నేను రాసిన వాక్యం చూపించింది:
"ఎవరికోసమూ ఎదురుచూడక్కర్లేదు."

పొద్దున ఐదున్ వచ్చి, వంగి చూసి,
"చుక్కకి ముందు ఒక ఖాళీ ఎక్కువైంది" అన్నాడు.
ఉండనీ అన్నాను.