నీచు వాసన

మూడొందల పౌన్లకి కొన్నాను.
తోలుకొచ్చానంటే అబద్ధం,
లారీ మీద పడుకోబెట్టి తెచ్చాను.
మోరిస్ మైనర్ ట్రావెలర్, అరవై ఆరు మోడలు:
ముందు సగం ఇనుము, వెనక సగం కొయ్య.
కిటికీ గాడి పొడవునా పాకుడు,
పాకుడు మధ్య తెల్లగా ఒక పుట్టగొడుగు,
టికెట్ కొనని ప్రయాణికుడిలా.

గ్రిమ్స్‌బీలో ఉప్పుగాలి
అప్పులవాడి లాంటిది. రోజూ వచ్చి
ఇనుములోంచి కాస్త పట్టుకుపోతుంది.
ముప్ఫై ఏళ్ళు ఈ బండిలోనే
రేవు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు మోశాడట
నార్మన్ టప్లిన్.
ఆయన పోయాక కూతురు మోరీన్
తాళాలు నా చేతిలో పెట్టి
"వాసనొస్తుంది, ఏమనుకోకండి" అంది,
తప్పు తనదైనట్టు.

పగలంతా నేను పళ్ళ డాక్టర్ని.
నోళ్ళు తెరిపించి పుచ్చు వెతుకుతాను.
సాయంత్రం గరాజులోనూ అదే పని.
కాకపోతే ఈ రోగి
నొప్పి అనదు, అపాయింట్‌మెంట్ ఎగ్గొట్టదు.

పడవలకి కొయ్యపని చేసి చేసి రిటైరైన
క్లిఫ్ బ్లాంచార్డ్ ఒక ఆదివారం వచ్చి
స్క్రూడ్రైవర్ పిడితో చట్రం మీద కొట్టి చూపించాడు.
ఠంగుమంటే బతికుంది.
గుబుక్కుమంటే,
"అమ్మాయ్, అక్కడ రంగు ఒక్కటే నిలబడి ఉంది."
యాభై రెండేళ్ళ నన్ను అమ్మాయ్ అనేవాడు
ఊరు మొత్తానికి ఆయనొక్కడే.

తవ్వాను,
గట్టి కలప తగిలేదాకా.
గట్టిదనం కంటికి కనపడదు, చేతికి తెలుస్తుంది.
కొత్త యాష్ చెక్క తెచ్చి చిత్రిక పట్టాను.
మొదటిది వంకర.
రెండోది పొట్టి.
మూడోది పొయ్యిలోకి.
నాలుగోదాన్ని అటూ ఇటూ తిప్పి
క్లిఫ్ ఏమీ అనకుండా టీ అడిగాడు.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

గోళ్ళలో గ్రీజు చూసి ఒక పేషెంటు
గ్లవ్స్ వేసుకుంటారు కదా అని రెండుసార్లు అడిగాడు.

కార్పెట్ లేపితే
బ్రేకు పెడల్ కింద ఒక అతుకు,
టాఫీ డబ్బా రేకు, పదకొండు రివెట్లు.
ఊడదీసి వెనక్కి తిప్పితే
మెడలో రిబ్బనుతో ఒక కుక్కపిల్ల.
ఇన్నేళ్ళూ రోడ్డుకేసి చూస్తూ
నవ్వుతోందన్నమాట.
ఉంచేద్దామనుకున్నాను. వెల్డర్ తల అడ్డంగా ఊపాడు:
"మిఠాయి డబ్బా మీద ప్రాణం పెట్టలేం మేడం."
కుక్కపిల్లని కాగితంలో చుట్టి మోరీన్‌కిచ్చాను,
పీకిన పన్ను పిల్లల చేతికిచ్చినట్టు.
విప్పి చూసి
"ఆ క్రిస్మస్‌కి టాఫీలన్నీ నేనే తిన్నాను" అంది.
ఇంకేమీ అనలేదు.

రెండు శీతాకాలాల తర్వాత, ఏప్రిల్లో,
బండి తన కాళ్ళ మీద వీధిలోకొచ్చింది.
ఏడు పూతల వార్నిష్. కొత్త సీట్లు. కొత్త రబ్బరు.
మోరీన్ ఎక్కి కూర్చుంది.
బాగుంది, ఎంతో బాగుంది అంటూనే
ముక్కుతో ఏదో వెతుక్కుంది.
తలుపు అంచు మీద వేలు రాసి
ఆ వేలు వాసన చూసుకుని
థాంక్యూ చెప్పి దిగిపోయింది.
ఖాళీ వార్నిష్ డబ్బాలు బయట పెడుతూ
లెక్క చూసుకున్నాను,
పుచ్చుతో పాటు ఇంకేం పారేశానా అని.

నవంబరు. క్లీథోర్ప్స్ దారిలో
అడ్డంగా కొడుతోంది వాన.
హీటర్ మొదటిసారి చివరిదాకా తిప్పాను.
ముందు దుమ్ము మాడిన కంపు,
తర్వాత రబ్బరు,
ఆ తర్వాత ఏ గొట్టం మలుపులోంచో,
నా చెయ్యి పట్టని ఏ సందులోంచో
నీచు.
సన్నగా. అనుమానం లేకుండా.

మోరీన్ ఇల్లు నాలుగు మైళ్ళు.
అద్దాలు పైదాకా బిగించి,
ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తూ
బండి తిప్పాను.
వైపర్లలో ఒకటి మొరాయించింది.
అది రేపు చూసుకుందాం.