మూలం కావాలి

యూనివర్సిటీ గేటుకి ఎదురు, కాలవగట్టు మీద
నా జిరాక్సు కొట్టు.
పగలంతా హాల్‌టికెట్లు, ఆదాయ పత్రాలు,
ఇటికంత లావు థీసిసులు.
రాత్రి పదిన్నరకి షట్టరు సగానికి దించి
నెట్టులో విజ్ఞాన సర్వస్వం తెరుస్తాను,
మా యూనివర్సిటీ పేజీ దిద్దడానికి.
ఎవరూ పిలవలేదు, ఎవరూ పైసా ఇవ్వరు.
అక్కడ నా పేరు లాకులబ్బాయి.
నాన్న నలభయ్యేళ్ళు లాకు తలుపులు
ఎత్తాడు, దించాడు.

పేచీ మొదటి వాక్యం దగ్గరే.
"స్థాపన" పక్కన నేను శంకుస్థాపన జరిగిన ఏడు వేస్తాను.
తెల్లారేసరికి పులస77 దాన్ని కొట్టేసి
మొదటి క్లాసు జరిగిన ఏడు వేస్తాడు.
నేను తలుపెత్తుతాను, వాడు దించుతాడు.
మధ్యలో మట్టపర్తి మాష్టారని ఒకరు,
గెజిట్టులో అచ్చయిన రోజే పుట్టినరోజంటారు,
ప్రతి ముక్కకీ చివర "గమనించగలరు" తగిలిస్తూ.
చర్చ పేజీ మా కాలవంత పొడుగు,
గుర్రపుడెక్క కూడా అంతే.

రెండో పేరాలో ఇంకో ముల్లు.
గరువుపేట వాళ్ళు నూటపది ఎకరాలు
"ఇచ్చారు" అని నేను.
"తీసుకున్నారు" అని వాడు.
"సేకరించబడినది" అని మాష్టారు.
కర్త ఎవరో చెప్పక్కర్లేని క్రియ అది,
గొడుగు కింద నించున్న పెద్దమనిషిలా
తడవదు.
ఓ రాత్రి కోపం ఆగక రాసేశాను:
"మూలం చూపించు, లేదా నోరు మూసుకో."
వాడు ఒక్కటే మాట జవాబిచ్చాడు:
"వెతుకుతున్నా."

కార్తీకంలో వాయుగుండం.
స్తంభాలు పడి మూడ్రోజులు కరెంటు లేదు.
ఈ గట్టు మీద ఇన్వర్టరున్నది నా కొట్లోనే,
అందరి ఫోన్లూ నా బల్ల మీద
సంతలో చేపల్లా వరసగా.
ఫోనుకి ఇరవై.
ఒకావిడ మాత్రం తన ఫోను వదల్లేదు.
తీగ సాగినంత మేర నించుని,
తడి కొంగుతో తెర తుడుచుకుంటూ
ఏదో టైపు చేస్తోంది.
హాస్టలు మెస్సులో లెక్కలు రాసే పెచ్చెట్టి నాగసూర్యం.
పాలపాకెట్ల బిల్లులు నా దగ్గరే జిరాక్సు తీయిస్తుంది.
ఇంకెవరికో చిల్లర ఇవ్వబోతూ ఓరగా చూశాను.
ఆమె బొటనవేలి కింద
నా వాక్యం,
చివర నుంచి ఒక్కో అక్షరం పోతోంది.
ఇన్నాళ్ళూ "వాడు" అన్నాను.
చిల్లర మళ్ళీ లెక్కపెట్టాను.

"ఈ యూనివర్సిటీ ఎప్పుడు మొదలైందండీ?" అన్నాను,
ఏమీ ఎరగనట్టు.
తలెత్తకుండానే చెప్పింది:
"రాయి పాతిన ఏడు
ఆ రాయి చుట్టూ మేం దాళ్వా కోశామండి.
నేను పనలు కట్టాను. పన్నెండేళ్ళు నాకు.
వరిచేనుని యూనివర్సిటీ అంటే
మా నాన్న నవ్వేవోడు."

నేనెవరో చెప్పలేదు.
ఇరవై తీసుకున్నాను కూడా.

నాలుగోనాడు కరెంటొచ్చింది.
పేజీలో మాష్టారు ఏకంగా సంవత్సరమే ఎత్తేశారు.
"ఆధారం తేలేవరకు ఖాళీ. గమనించగలరు."
నేను ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం ఆమె ఒక కాగితం తెచ్చింది,
ప్లాస్టిక్ కవర్లో, మడతల దగ్గర చిల్లులతో.
పరిహారం ముట్టినట్టు రసీదు.
శంకుస్థాపన దాటాక మూడో ఏటిదంది.
ఇంటి కాగితం మూలంగా చెల్లదని నాకు తెలుసు,
ఆ నియమం ఆమెకి రెండుసార్లు అప్పజెప్పింది నేనే.
"అంకె ఆనట్లేదండి, కాస్త ముదురుగా తియ్యండి."
మీట రెండు గీతలు పెంచాను.
గాజు కింద వెలుగు ఆ చివర నుంచి ఈ చివరకి నడిచింది.
మడతలు ముదిరాయి, చెదల గాట్లు ముదిరాయి,
అంకె మాత్రం అలాగే ఉంది,
ఆరో, ఎనిమిదో.
దాని పక్కన వాళ్ళ నాన్న వేలిముద్ర,
నల్లగా, గీత గీతకీ విడివిడిగా,
వేడి ఇంకా ఆరకుండా.