ముల్లు

గ్రిమ్స్‌బీ రేవులో ముప్పయ్యేళ్లు
చేపలు కోసిన చెయ్యి డోరీన్ బ్లాంచర్డ్‌ది.
ఇవాళ ఆ చేతిలో ఫోను.

"పద్దెనిమిదేళ్లుగా మీ దగ్గరే. ఇక మానేస్తున్నా."

అవతల కుర్రాడు నొచ్చుకున్నాడు.
మీలాంటివాళ్లే మాకు ముఖ్యమన్నాడు,
సినిమాల పెట్టె ఉచితమన్నాడు,
ఈ ధర ఈ పూటకేనన్నాడు.

వెన్ను వెంట వేలు పోనిచ్చినట్టు
ఒక్కో మాటనీ తడుముతూ పోయింది.
"వచ్చే ఏప్రిల్లో ఎంతవుతుంది?"
అక్కడ తగిలింది.

కాస్త ఆగి, సగానికి దిగాడు.
"నిన్నటిదాకా ఈ ధర ఎక్కడ దాచావు నాయనా?"
వాడి ముందున్న కాగితంలో
దానికి జవాబు రాసిలేదు.
"మా అమ్మా ఇదే అడిగింది"
అన్నాడు, గొంతు తగ్గించి.

పదిహేను రోజులకి వేరే కంపెనీ మనిషి
వానలో వచ్చి తీగ కలిపి,
టీ వద్దని వెళ్లిపోయాడు.
నెలకి పదకొండు పౌండ్లు మిగులు.

పాత పెట్టె తిరిగి పంపేశాక
కిటికీ గట్టు మీద
దుమ్ము పడని చోటు, అరచేయంత.
ఒక నిమిషం చూసి
మొత్తం గట్టంతా తుడిచేసింది.

తర్వాత కళ్లజోడు పెట్టుకుని
కొత్త ఒప్పందం చివరి పేజీలో
గడువు తేదీ వెతికి
ఎర్ర సిరాతో సున్నా చుట్టింది.