పది అడుగులు తక్కువ

సేనియో గట్టున, లాంతరు కింద నా లెక్కల పుస్తకం:
వంతెన ముక్కలు అరవై అడుగులకు సరి.
బుల్‌డోజరు ఒకటి, అదీ దగ్గుతోంది.
మందుపాతర పసిగట్టే మనుషులు తొమ్మిది,
నిన్నటిదాకా పదకొండు.

ట్యాంకుల మేజర్ గ్జెలాక్
వంతెన తనకేనని బల్ల గుద్దాడు.
ఫిరంగుల వాళ్ళు బురదలో రోడ్డడిగారు.
అడగందే అమ్మయినా పెట్టదంటారు.
మూడో కంపెనీ ఏమీ అడగలేదు,
అడగడానికి వాళ్ళ వైర్‌లెస్ మిగల్లేదు.

తెల్లారుజామున సాపర్ వోయ్‌నార్ నడుం దాకా తడిసొచ్చి
ముడులేసిన తాడు నా ముందు పరిచాడు.
ముడికీ ముడికీ అడుగు.
డెబ్బై.

ఇక వంతెన ఎవరికీ కాదు.

తలుపులు, పీపాలు, ఓ చర్చి బెంచీ కట్టి
మూడో కంపెనీకి దారి వేశాం.
ఒక్కో మనిషి దాటేంత వెడల్పు.
స్ట్రెచర్ మోసేవాళ్ళు మాత్రం ఊపిరి బిగబట్టాలి.

మేజర్ గుద్దిన బల్ల కూడా
అందులోనే ఉంది.